రెండు మూటల గింజలు

గోడాదరా, సూరత్
8 జూన్ 2025

అక్కా,

నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అన్నిటికీ ఊఁ కొట్టాను కదా, నిజానికి నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఏళ్ల తరబడి గుడ్డ నేసే సాంచాల మధ్య నిలబడ్డ చెవులివి. ఫోన్ దగ్గర పెట్టుకుంటే నీ గొంతుకు బదులు సాంచా చప్పుడే వస్తుంది. బావ మోకాలి నొప్పి గురించి నువ్వు చెబుతుంటే నేను "మంచిది, మంచిది" అన్నానట. మా కోడలు సంధ్య చెప్పి ఒకటే నవ్వు. అందుకే ఇకమీదట మన మాటలన్నీ ఉత్తరాల్లోనే.

ఒక మంచి కబురు. మా సొసైటీ వెనక, ఖాడీ కాలువ గోడ పక్కన చెత్త పోసే జాగా ఒకటుంది. దాన్ని ఛైర్మన్ జయంతీభాయ్ మాకు తోట పెట్టుకోమని ఇచ్చాడు. మేమంటే కార్ఖానాల్లో పని చాలించుకున్న ముసలివాళ్లం. ఇన్నాళ్లూ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు అడ్డమవుతున్నామని తిట్లు తిన్నాం. ఇప్పుడు మాకు ఒక మండలి ఉంది, దానికి నేను పెద్దను. మా పక్కింటి బక్కయ్య నాకు కుడిభుజం. ఖటోదరా రంగుల మిల్లులో వయసంతా పోసి వచ్చినవాడు, వేళ్లకు ఇప్పటికీ నీలం వదల్లేదు.

మా మీటింగ్ నువ్వు చూడాలి. అందరివీ నాలాంటి చెవులే కాబట్టి మాట్లాడేదంతా చేతులతోనే. సాంచాల దగ్గర ఎంత అరిచినా వినపడదు కదా, అక్కడ నేర్చిన సైగలే ఇక్కడా పనికొస్తున్నాయి. పిడికిలి తిప్పితే సాంచా ఆపమని. అరచేయి అటూ ఇటూ ఆడిస్తే నడిపించమని. గోడ అవతల నుంచి చూసేవాళ్లు మాకు పిచ్చి అనుకుంటారు.

అయితే గడువు దసరా దాకానే. ఆలోగా ఆ జాగా సొసైటీకి పనికొచ్చేలా తయారు కాకపోతే టెంపోల పార్కింగ్‌కు ఇచ్చేస్తారు. టెంపోల వాళ్లు ఇప్పటికే వచ్చి టేపు పట్టి కొలుచుకుని పోతున్నారు. అది పోయిందంటే మాకు మళ్లీ మెట్లే గతి. నాకు మళ్లీ ఆ మెట్ల మీద కూర్చోవాలని లేదు అక్కా.

కాబట్టి మన పెరటి తోటకూర గింజలు పంపు. అన్నిటికన్నా ముందు చేతికొచ్చేది అదే. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకివ్వు.

నీ తమ్ముడు
సోమలింగం

&nbsp;

తంగళ్లపల్లి
19 జూన్ 2025

తమ్ముడు సోమలింగానికి అక్క వజ్రమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి మీ బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నువ్వు తోటకు పెద్దవా? మిరప చేనులో కలుపు తీయమంటే మిరప మొక్కలు పీకి కలుపును భద్రంగా ఉంచిన మొనగాడివి. నాన్న నిన్ను వ్యవసాయానికి వద్దని సాంచాల పనికి పంపింది ఆ రోజే. సరే, చెత్తకుప్ప కన్నా నువ్వే నయం అనుకుంటాను.

మన లక్ష్మీరాజం చెల్లెలి పెళ్లికి ఊరొచ్చాడు. శనివారం బస్సుకు సూరత్ తిరిగి వస్తున్నాడు. అతని చేతికి రెండు మూటలు ఇచ్చాను. ఏది ఏమిటో, ఏది ఎక్కడ చల్లాలో, ఎందుకు చల్లాలో అంతా నోటితో చెప్పి పంపాను. ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాను కూడా. మళ్లీ ఇందులో రాయడం దండగ. మోకాలికి కాపడం పెట్టే నీళ్లు పొయ్యి మీద ఉన్నాయి.

మీ మండలిలో ఆడవాళ్లు ఎందరో రాయలేదు.

మీ అక్క

&nbsp;

గోడాదరా
3 జూలై 2025

అక్కా,

మూటలు అందాయి. బస్సు ఆలస్యమై రాజానికి కార్ఖానాలో పాళీ తప్పిపోయేలా ఉందట, గేటు దగ్గరే "కాకా, అత్త ఇచ్చింది" అని నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. ఒకటి ఎర్ర గుడ్డలో, ఒకటి తెల్ల గుడ్డలో. రెండింట్లోనూ అవే నల్లటి సన్న గింజలు, నిగనిగలాడుతున్నాయి. ఒక్క మూట చాలదని రెండు కట్టావు, నీ చెయ్యి ఎప్పుడూ పెద్దదే.

రెండు పెట్టెల నూలు వస్తే మేం విడివిడిగా నేయం. ఎక్కడో ఒక వాసి రంగు తేడా ఉండి గుడ్డకు చార పడుతుంది. అందుకని కలిపి నేస్తాం, తేడా అందులోనే కలిసిపోతుంది. ఆ లెక్కన నీ రెండు మూటలూ ఒకే బకెట్లో పోసి బాగా కలియతిప్పాం. చల్లడం కూడా సందు లేకుండా చల్లాం. గుడ్డలో సందు కనపడితే సేఠ్ ఊరుకుంటాడా? వానలు కూడా పడ్డాయి. వారం తిరగకుండానే మడంతా పచ్చగా లేచింది. బక్కయ్య రోజూ పొద్దున వచ్చి వంగి, గుడ్డ తాను చూసినట్టు అటు చివర నుంచి ఇటు చివరదాకా చూస్తాడు.

ఆడవాళ్లు లేరు. వాళ్లకు ఇంట్లో పని ఉంటుంది కదా, మాలాగా ఖాళీ ఎక్కడిది?

సోమలింగం

&nbsp;

తంగళ్లపల్లి
12 జూలై 2025

సోమలింగం,

రెండూ కలిపావా? రాజం నీకు ఏమీ చెప్పలేదా? ఆ పిల్లవాడికి పెళ్లిలో లడ్డూలు తిన్నంత సేపు కూడా నా మాట గుర్తులేదన్నమాట.

ఎర్ర గుడ్డలోది తోటకూర. తెల్ల గుడ్డలోది గునుగు, మన చేలలో తెల్లగా పూసేది. దాన్ని గోడ పక్కన ఒక్క వరుస చల్లమన్నాను, కలపమనలేదు. గింజలు రెండూ ఒకేలా ఉంటాయి, లేత మొలకలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ఇప్పుడు కంగారు పడకు. జానెడు ఎత్తు వచ్చాక కాడలు చూడు. మన పెరటి తోటకూర పచ్చ కాడది. కాడ ఎర్రబారితే అది గునుగు. దాన్ని తీసి గోడ పక్కన నాటించు, తోటకూర మడిలో మిగులుతుంది.

ఇంట్లో పని ఉంటుంది కాబట్టి ఆడవాళ్లు రారా? మరి నువ్వు ఖాళీగా ఉన్నావని చెప్పింది ఎవరు, నీ అన్నం ఎవరు వండుతున్నారు?

వజ్రమ్మ

&nbsp;

గోడాదరా
25 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం మండలి ముందు చదివాను. నీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, నువ్వు ఎర్రను పచ్చ, పచ్చను ఎర్ర రాశావు. వయసు మీద పడితే అందరికీ అయ్యేదే. ఇక్కడి బజారులో దొరికే తోటకూర ఎర్రగా ఉంటుంది, ఉడికిస్తే అన్నమంతా ఎర్రబడుతుంది. బక్కయ్య అయితే ఆ రంగుకు పేరు కూడా పెట్టాడు. రంగు విషయంలో అతని మాటకు మిల్లులో మేనేజరు కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

కాబట్టి పచ్చ కాడలన్నీ పీకేశాం. రెండు రోజులు పట్టింది, అందరి నడుములూ పట్టుకుపోయాయి. ఆ గడ్డిని వీధి ఆవులకు వేస్తే ఎంత ఇష్టంగా తిన్నాయో చెప్పలేను. ఇప్పుడు మడిలో ఒక్కటే రంగు, ఒక్కటే ఎత్తు. వచ్చే నెలలో ఇంటింటికీ ఒక కట్ట పంచుతామని జయంతీభాయ్‌తో అనేశాను.

సోమలింగం

&nbsp;

తంగళ్లపల్లి
4 ఆగస్టు 2025

తమ్మీ,

ఆవులు ఇష్టంగా తిన్నాయని రాశావు చూడు, అక్కడే తెలిసిపోయింది నాకు.

ఇంక నేను ఎర్రనీ పచ్చనీ రాయను. ఆ సొసైటీలో మనవైపు నుంచి వచ్చిన ఆడమనిషి ఒక్కతి అయినా ఉంటుంది. ఆమెను పిలిచి మడి చూపించు. ఆమె ఏం చెబితే అది విను. మిరప చేను నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

వజ్రమ్మ

&nbsp;

గోడాదరా
18 ఆగస్టు 2025

అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. బక్కయ్య భార్య ఐలమ్మను పిలిచాం. ఆమె గేటు దాటి లోపలికి కూడా రాలేదు. అక్కడే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదేంది అన్నా, గునుగు చేను వెట్టిన్రు?"

"తోటకూర అది. నీకేం దెలుసు, ఊకో," అన్నాడు బక్కయ్య.

"బతుకమ్మ పేర్చిన చేతులు నాయి. గునుగేందో నాకు దెలుస్తదా, నీకు దెలుస్తదా? గీ మడిల తోటకూర కాడ ఒక్కటన్న ఉంటే సూపియ్యి, నేను ఇయ్యాల్టి సంది నీ మాటకు అడ్డం రాను."

బక్కయ్య అంత మంచి అవకాశం వదులుకోలేక మడంతా వెతికాడు. ఒక్క కాడ దొరకలేదు.

అప్పుడే జయంతీభాయ్ కూడా వచ్చాడు. ఒక ఆకు తుంచి వాసన చూసి, "కాకా, యే తో ఘాస్ హై," అన్నాడు. గడ్డి అట. మెత్తగానే అన్నాడు, తిట్టినా బాగుండేది. దసరా తర్వాతి ఆదివారం సొసైటీ మీటింగ్ పెట్టి చేతులు ఎత్తిస్తానని, ఈలోగా ఏదైనా చేసుకోమని చెప్పి వెళ్లాడు. టెంపోల వాళ్లు ఈసారి సున్నం తెచ్చి గీతలు కూడా గీసి పోయారు.

మావాళ్లు మొత్తం కోసి పారేసి మెంతికూర వేద్దామంటున్నారు. కొందరు అప్పుడే మెట్ల మీదికి తిరిగి వెళ్లిపోయారు. నాకు ఆ మెట్ల ముందు నుంచి నడవాలంటే సిగ్గుగా ఉంది. అసలు నువ్వు గునుగు ఎందుకు పంపావు? చేలలో కలుపని పీకేసేదాన్ని గుడ్డలో మూటగట్టి ఇంత దూరం పంపుతారా ఎవరైనా? నన్ను ఆటపట్టించడానికి పంపి ఉంటే, అది ఈ వయసులో చేయాల్సిన ఆట కాదు.

సోమలింగం

&nbsp;

తంగళ్లపల్లి
28 ఆగస్టు 2025

సోమలింగానికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. మీ బావ రాయమంటే రాస్తున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. నీ ఇల్లాలు ప్రమీల బతికున్నన్నాళ్లూ ప్రతి ఏడూ బతుకమ్మ ముందు నాకు ఫోన్ చేసేది. నువ్వు పాళీకి వెళ్లాక చేసేది. "వదినా, ఈడ అన్ని దొరుకుతయి గని గునుగు దొరకది. బస్సుల తెప్పిస్తే వాడిపోయి వస్తది," అనేది. నువ్వు కార్ఖానా నుంచి తెచ్చిన చిందీ గుడ్డ ముక్కలతో పువ్వులు కుట్టి బతుకమ్మ పేర్చేది కదా, నువ్వు అది ఆమె సరదా అనుకున్నావు. సరదా కాదు, పువ్వులు లేక. ఒక్కసారి పంపుదామని ప్రతి ఏడూ అనుకున్నాను, పంపలేదు. ఆమె పోయాక ఆ ఇంట్లో బతుకమ్మ పెట్టనివ్వవని, పేర్చే పళ్లెం అటక మీద పడేశావని సంధ్య నాకు చెప్పింది. అందుకే గోడ పక్కన ఒక్క వరుస ప్రమీల పేరు మీద చల్లమన్నాను. రాజానికి చెప్పి పంపింది ఇదే. ఆ మాట కాగితం మీద పెట్టడానికి నాకు చేతులు రాలేదు, అందుకే నోటితో చెప్పాను.

ఇది ఆటపట్టించడమా?

ఇప్పుడు విను. దాన్ని కోయకు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాటికి పూస్తుంది. నువ్వు సందు లేకుండా చల్లడం కూడా మంచిదే అయింది, ఒకదాన్నొకటి ఆనుకుని నిటారుగా లేస్తాయి. ఐలమ్మను మళ్లీ పిలువు. ఈసారి గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడకు.

మీ అక్క

&nbsp;

గోడాదరా
6 అక్టోబర్ 2025

మా వజ్రమ్మ అక్కకు, తమ్ముడు వంగి దండం పెట్టి రాసేది.

ఇన్నాళ్లు రాయలేదని కోపం వద్దు. రాయడానికి చేతులు ఖాళీ లేవు, రంగులో ఉన్నాయి. మొదటి నుంచీ చెబుతాను.

నీ ఉత్తరం మండలి ముందు చదవలేదు. ఒక్కడినే మడి గట్టు మీద కూర్చుని చదివాను. ఏడ్చాను అక్కా. ప్రమీల కుట్టే చిందీ పువ్వులను నేను అందరికీ గొప్పగా చూపించేవాణ్ని. ఆమెకు అసలు పువ్వు కావాలని ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు ఐలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె నన్ను నిలబెట్టే మాట్లాడింది. "గింజ ఆడబిడ్డ పంపింది, పువ్వు ఆడోళ్లది. మరి మండలిల మేం లేమా? మమ్ముల కలుపుకుంటెనే వస్తం. లేకుంటే మీ గడ్డి మీరే కోసుకోన్రి." నేను సరేనన్నాను. బక్కయ్య నా చెవి దగ్గరికి వచ్చి, "ఇంట్ల ఆమె మాటే, ఈడ గూడ ఆమె మాటేనా?" అన్నాడు. నా చెవికి అది వినపడింది కానీ వినపడనట్టే ఉన్నాను.

అమావాస్యకు వారం ముందు నుంచి మడి తెల్లబడటం మొదలైంది. ఒక పొద్దున వెళ్లేసరికి ఛాతీ ఎత్తున మొత్తం తెలుపు, కొసలకు లేత గులాబీ. ఖాడీ వైపు నుంచి గాలి వస్తే అంతా ఒక్కసారిగా ఊగింది. మెట్ల మీదివాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

గునుగుకు రంగులు అద్దుతారని నేను మరిచేపోయాను. బక్కయ్య మరవలేదు. బకెట్లు వరసగా పెట్టించి, నీళ్లు కాచి, చిటికెడు చిటికెడు రంగు వేసి ఒక్కో పువ్వునూ ముంచి తీశాడు. అలాంటి నీలం, అలాంటి గులాబీ, అలాంటి పసుపు నువ్వు మన ఊళ్లో కూడా చూసి ఉండవు. ఆరబెట్టినా ఒక్క చుక్క కారలేదు. ఐలమ్మ ఒక్కో కట్ట అందుకుంటూ, ఇన్నేండ్లకు నీ పని నా కండ్ల వడ్డదయ్యా అంది. బక్కయ్య ఆ రోజంతా బకెట్లోకి చూసి నవ్వుకుంటూ కూర్చున్నాడు.

మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ నాటి నుంచి మా జాగాలోనే ఆడారు. మొదట మా సొసైటీ ఆడవాళ్లే. మూడో నాటికి గోడాదరాలో మనవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో అందరూ వచ్చారు, కతర్‌గామ్ నుంచి కూడా ఆటోలు కట్టుకుని వచ్చారు. వాడిన పువ్వుల కోసం బస్టాండుకు ఎవరూ వెళ్లలేదు. అవే రోజులు ఇక్కడివాళ్లకు నవరాత్రి కదా. జయంతీభాయ్ భార్య హంసాబెన్ గర్బాకు వెళుతూ ఆగి, ఈ పువ్వు మాతాజీకి పెట్టవచ్చా అని అడిగింది. ఐలమ్మకు గుజరాతీ ఒక్క ముక్క రాదు, కట్ట తీసి ఆమె ఒడిలో పెట్టింది. హంసాబెన్ గర్బాకు వెళ్లడం మాని మనవాళ్లతో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగింది. ఇదీ గుండ్రంగా తిరిగే ఆటే కదా, అడుగు కలపడం ఎంతసేపు.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు అటక మీది పళ్లెం దింపాను. చింతపండు వేసి నేనే తోమాను. తీసుకెళ్లి సంధ్య చేతికిచ్చి, "మీ అత్త పేరు మీద పేర్చు బిడ్డా," అన్నాను. ఆమె పేర్చింది నా నడుము దాకా వచ్చింది. తాపీ నది ఒడ్డున నీళ్లలో వదిలేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. బాధ అనిపించలేదు. ప్రమీలకు బాకీ పడ్డ పువ్వులన్నీ ఒక్కసారే అందినట్టు అనిపించింది.

ఇక నిన్నటి మీటింగ్. జయంతీభాయ్ మా జాగాలోనే కుర్చీలు వేయించాడు. పార్కింగ్ కావాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. టెంపోల వాళ్లు ఎత్తారు. తర్వాత తోట అన్నాడు. మావాళ్లకు సగం వినపడలేదు, అందరూ నా వైపు చూస్తున్నారు. నేను లేచి నిలబడి అరచేయి అటూ ఇటూ ఆడించాను. సాంచా నడిపించమని. ఒక్కసారిగా మావాళ్లందరి చేతులూ లేచాయి. కానీ అక్కా, నేను వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్లు మాకన్నా ముందే ఎత్తి ఉన్నారు. అందరికన్నా ఎత్తుగా ఉన్న చెయ్యి హంసాబెన్‌ది. జయంతీభాయ్ ఆమె వైపు ఒకసారి చూసి, తన చెయ్యి కూడా ఎత్తి, "కాకా, యే ఘాస్ అబ్ హమారా హై," అన్నాడు. ఈ గడ్డి ఇక మన అందరిదీ అట. టెంపోల వాళ్లు కూడా నవ్వారు. సున్నపు గీతల మీద ఇవాళ ఐలమ్మ మెంతులు చల్లించింది. మండలికి పెద్ద ఇప్పుడు ఆమే. నేను ఆమెకు కుడిభుజం.

ఆటపట్టించడానికి పంపావని రాసినందుకు నన్ను క్షమించు. నీ కాడల లెక్క సరైనది, నాదే తప్పు. మెట్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి.

నీ తమ్ముడు
సోమలింగం

&nbsp;

తంగళ్లపల్లి
17 అక్టోబర్ 2025

తమ్మీ,

నీ ఉత్తరం మీ బావ చేత పైకి చదివించుకున్నాను, తర్వాత నేనే మళ్లీ చదువుకున్నాను. పళ్లెం దించావన్న చోట ఇద్దరం ఆగిపోయాం. నా మనసు నిండింది.

ఇక్కడ సంగతి వేరు. మందులు కొట్టీ కొట్టీ ఈ ఏడు మన చేలలో గునుగే లేదు. నేను నీకిచ్చిన మూటే ఇంట్లో మిగిలిన ఆఖరి గింజ. బతుకమ్మకు మన వాడకట్టు పిల్లలు ప్లాస్టిక్ పువ్వులు కొనుక్కొచ్చారు.

మీ అక్క

&nbsp;

గోడాదరా
23 నవంబర్ 2025

అక్కా,

గునుగు ఎండింది. మండలి అంతా కూర్చుని గింజ దులిపాం. ఐలమ్మ చేట పట్టి చెరిగింది, మేం గడ్డాలకు పొట్టు అంటించుకున్నాం. ఆఖరి గింజ నాకు పంపానని రాశావు. ఒక్క మాట ముందు చెబితే ఆ బకెట్‌ను అంత ధీమాగా తిప్పేవాణ్నా?

రాజం శుక్రవారం బస్సుకు ఊరికి వస్తున్నాడు. అతని చేతికి రెండు మూటలు ఇస్తున్నాను, ఒకటి ఎర్ర గుడ్డలో, ఒకటి తెల్ల గుడ్డలో. ఏది ఏమిటో నోటితో చెప్పి పంపుతున్నాను. అతను గేటు దగ్గరే నీ చేతిలో పెట్టి పరుగెత్తినా కంగారు పడకు. రెండూ కలిపేసి సందు లేకుండా చల్లు. రెండింట్లోనూ గునుగే.

నీ తమ్ముడు
సోమలింగం